వట్టి రోడ్డు మీద చప్పుడు

ఔలు,
సెప్టెంబరు 22

ప్రియమైన సైమి అత్తయ్యకు,

మోకాలు ఎలా ఉంది? ఆపరేషను కుట్లు విప్పారని, ఇంకొన్నాళ్ళు అమ్మ తన దగ్గరే ఉంటుందని ఇర్మెలి వదిన కార్డు రాసింది. నేనే ఫోన్ చేసి అడగాల్సింది. రిసీవరు చేతిలోకి తీసుకోగానే నాకు మాట పెగలదు, మీకు తెలుసు కదా. ఉత్తరంలో అయితే కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు.

ఇక్కడ మీ ఇల్లు బాగానే ఉంది. మీ గదిలో రోజూ కాసేపు పొయ్యి వెలిగిస్తున్నాను, చెమ్మ పట్టకుండా. కిటికీ తెరిస్తే కాగితం మిల్లు వాసన వస్తుంది. మొదట్లో తల నొప్పెట్టేది. ఇప్పుడు గాలి మళ్ళినప్పుడే గుర్తొస్తోంది.

లైబ్రరీలో నా పని పాఠకులు తిరిగిచ్చిన పుస్తకాలను బీరువాల్లో సర్దడం. మాట్లాడాల్సిన అవసరం పెద్దగా రాదు. పెద్ద లైబ్రేరియన్ హేత గారు మొన్న నన్ను పిలిచి, "ఈ ఉద్యోగం డిసెంబరు దాకే. ఆ తర్వాత పర్మనెంటు చేస్తాం, నువ్వు ఉంటానంటే. దక్షిణం నుంచి వచ్చినవాళ్ళు ఒక శీతాకాలం చూసి పారిపోతారు, అందుకే అడుగుతున్నా. నవంబరు నెలాఖరులోగా ఒక మాట చెప్పు" అన్నారు. నేను సరేనన్నాను. సరే అన్నది చెప్పడానికే గాని ఉండడానికి కాదు. ఉండగలనో లేదో నాకే తెలియదు.

ఇక్కడివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కాఫీ గదిలోకి నేను వెళితే జరిగి చోటిస్తారు. ఆ తర్వాత ఎవరికీ ఏం మాట్లాడాలో తోచదు. నేను పుస్తకం తెరుస్తాను, వాళ్ళకి ప్రాణం లేచొస్తుంది.

ఈ వారం అంతా వాళ్ళు ఒకరినొకరు ఒకటే అడుగుతున్నారు. "వేశావా?" "ఇంకా లేదు. నువ్వు?" "ఈ ఆదివారం." ఏదో టీకా అనుకున్నాను. నిన్న సాయంత్రం పక్కింటి అర్వో గారు కంచె దగ్గర నిలబడి నన్నూ అడిగారు, "వేశావా?" అని. లేదండీ అన్నాను. తల ఊపి వెళ్ళిపోయారు. నేను వచ్చాక ఆయన నాతో అన్న మొదటి మాట అదే. సైకిల్ టైర్ల గురించని ఈ రోజు తెలిసింది.

మీ కొట్టంలో మేకుల టైర్లు, మంచు మీద జారకుండా రబ్బరులో ఇనుప మేకులు దిగేసినవి, రెండు జతలు వేలాడుతున్నాయి. ఎప్పుడు వేయాలి? వట్టి రోడ్డు మీద అవి చాలా చప్పుడు చేస్తాయని విన్నాను. సిస్టర్ల బడిలో మాకు తలుపు కూడా చప్పుడు కాకుండా మూయడం నేర్పారు. అందరూ వేసుకున్నాక, మంచు పడ్డాక వేస్తే సరిపోదా?

మీ
వియెనో

*

తాంపెరె,
సెప్టెంబరు 30

చి॥ వియెనోకు,

టీకా మాట చదివి నవ్వీ నవ్వీ మోకాలు లాగింది. ఇర్మెలి ఆఫీసు నుంచి రాగానే చదివి వినిపించాను. "పాపం, ఆ పిల్లని అక్కడ ఒంటరిగా వదిలేశావు" అంది. అంత పాపం ఏమీ లేదని చెప్పాను.

మంచు పడ్డాక వేస్తే సరిపోదా అంటావా? సరిపోదే తల్లీ. కొత్త టైర్లవి. పోయిన శీతాకాలం చివర్లో కొన్నాను, ఒక్కసారీ రోడ్డు ఎక్కలేదు. ఆ మేకులు రబ్బరులో కుదురుకోవాలంటే వట్టి తారు రోడ్డు మీద కొన్నాళ్ళు తొక్కాలి. మెల్లగా. గభాలున బ్రేకు వేయకూడదు, గిరుక్కున తిప్పకూడదు. అలా కుదురుకున్న మేకు మూడు నాలుగు శీతాకాలాలు ఉంటుంది. నేరుగా గాజు మంచు మీద ఎక్కించావో, మొదటి బ్రేకుకే పాల పన్ను ఊడినట్టు ఊడి వస్తుంది. అంటే శీతాకాలం రాకముందే శీతాకాలపు సైకిలు తొక్కాలన్నమాట. అదీ దీనిలో తిరకాసు.

ఎప్పుడు అని అడిగావు. ఆ ఒక్క ప్రశ్న మీద నేనూ మీ ఓయివ మావయ్యా కాపురం చేసినన్నేళ్ళూ పోట్లాడుకున్నాం. ఓయివది ఒకటే మాట: చూరు కింద వాన నీళ్ళ పీపా మీద వరసగా రెండు పొద్దులు మంచు పొర కట్టాలి, అప్పుడు వేయాలి. నా మాట వేరు: గుమ్మం ముందు బర్చి చెట్టు ఆకులు రాలి, కొమ్మల్లోంచి అర్వో ఇంటి పొగగొట్టం కనపడిన రోజున వేయాలి. ప్రతి ఏడూ నేను ముందు వేసేదాన్ని, ఆయన నవ్వేవాడు. ప్రతి ఏడూ ఆయన ఒకసారి పడేవాడు, నేను నవ్వేదాన్ని.

ఎలా వేయాలో విను. టైరు బిర్రుగా ఉంటుంది, చేతులతో లొంగదు. సౌనా గదిలో ఆవిరి స్నానం అయ్యాక, ఆ వేడి ఇంకా ఉండగా, టైరుని అక్కడ చిలక్కొయ్యకి తగిలించు. కాసేపటికి మెత్తబడుతుంది. చెంచా కాడతో ఎక్కించు. గాలి మరీ గట్టిగా కొట్టకు. ముందు చక్రానికి మొదట వేయాలి. వెనక చక్రం జారితే సైకిలు జారుతుంది, ముందు చక్రం జారితే మనిషి పడుతుంది. ఇంకొకటి. రాత్రి సైకిలు మీద జాలిపడి ఇంట్లోకి తేకు. వెచ్చదనానికి మంచు కరిగి నీళ్ళు లోపలికి పోతాయి, పొద్దున్నే బయట పెట్టగానే అన్నీ బిగుసుకుంటాయి. దాన్ని చలిలోనే ఉండనివ్వు.

రెండు జతలూ వేయి. నీ బూడిదరంగు సైకిలుకి, నా ఆకుపచ్చదానికి. నవంబరు మొదట్లో సకల పునీతుల పండుగకి నేను అక్కడ ఉంటాను. ఓయివ సమాధి మీద కొవ్వొత్తి నేనే వెలిగించాలి.

చప్పుడు చేస్తుంది, కాదనను. రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది. అయితే ఏమిటట?

ఆశీస్సులతో
అత్తయ్య

*

ఔలు,
అక్టోబరు 11

ప్రియమైన అత్తయ్యకు,

మీ ఉత్తరం అందింది. మీరు చెప్పినట్టే చేశాను. రెండు సైకిళ్ళకీ టైర్లు వేశాను. సౌనా ఉపాయం బాగా పనికొచ్చింది.

రోజూ సైకిలు మీదే లైబ్రరీకి వెళుతున్నాను. మీరు భయపెట్టినంత చప్పుడేమీ లేదు. నిజానికి ఏమీ వినపడదు.

కాఫీ గదిలో ఇప్పుడు అందరితో కలిసి కూర్చుంటున్నాను. మీరు దిగులు పడకండి. బర్చి చెట్టు సగం రాలింది. మీరు వచ్చే రైలు ఏదో రాస్తే స్టేషనుకి వస్తాను.

మీ
వియెనో

*

తాంపెరె,
అక్టోబరు 16

వియెనో,

నలభై ఏళ్ళు మేకుల టైర్లు తొక్కినదాన్ని. వట్టి రోడ్డు మీద వాటి చప్పుడు నీకు వినపడలేదంటే రెండే కారణాలు. నీకు చెవుడన్నా వచ్చి ఉండాలి, ఆ టైర్లు కొట్టంలో మేకుకి వేలాడుతూనన్నా ఉండాలి. మీ వంశంలో చెవుడు లేదు.

నడిచి వెళుతున్నావు, అవునా? వంతెన దాటి, ఏటి ఒడ్డు వెంబడి, అంత దూరమూ. ఇది కూడా నాకు తెలుసులే. నీ చిన్నప్పుడు మా ఇంటికొస్తే కొట్టుకెళ్ళి రొట్టె తెమ్మంటే, కొట్టువాడిని అడగలేక ఊరంతా తిరిగి ఖాళీ సంచితో వచ్చి "అయిపోయిందట" అన్నావు. అప్పుడు కూడా ఇలాగే పొట్టి పొట్టి వాక్యాలు చెప్పావు.

తిట్టడానికి రాయడం లేదే పిచ్చిపిల్లా. ఆ చప్పుడు గురించి నీకు సిగ్గు. వీధిలో మొట్టమొదట చప్పుడు చేసేది నువ్వు కాకూడదు. తలలు ఇటు తిరుగుతాయి, అదేగా? తిరుగుతాయి. ఆ ఊళ్ళో ప్రతి ఏడూ ఎవరో ఒకరు మొదట వేయాలి. ఆ మనిషిని నాలుగు రోజులు ఆడిపోసుకుంటారు, ఐదో రోజు వాళ్ళూ వేసుకుంటారు.

నా సంగతి భేషుగ్గా ఉంది. డాక్టరు సంతోషపడ్డాడు. నిన్న ఒక్కదాన్నే కొట్టుదాకా వెళ్ళి కాఫీ పొడి తెచ్చుకున్నాను. రైలు సంగతి తర్వాత రాస్తాను. నా సైకిలు మాత్రం సిద్ధంగా ఉండాలి.

వేసవి టైర్లతో వంతెన ఎక్కకు. రోడ్డు కన్నా ముందు వంతెన గడ్డకడుతుంది. కింద నీళ్ళ మీది గాలి దానికి.

అత్తయ్య

*

ఔలు,
అక్టోబరు 25

అత్తయ్యకు,

మీ ఉత్తరం వచ్చేసరికే ఆలస్యమైంది. ఆ ముందు రోజే వంతెన మీద పడ్డాను.

అవును, నడిచే వెళుతున్నాను. టైర్లు కొట్టంలోనే ఉన్నాయి. ఆ రోజు నిద్ర లేవడం ఆలస్యమై, సైకిలు ఉన్నది ఉన్నట్టు తీసుకుని బయలుదేరాను. రోడ్డు పొడిగానే ఉంది. వంతెన మధ్యలో అద్దం మీదికి ఎక్కినట్టయింది. ముందు చక్రమే జారింది, మీరు చెప్పినట్టే. ఎడమ మణికట్టు వాచింది, విరగలేదు.

వెనక వస్తున్నవాళ్ళు ముగ్గురు ఆగారు. ఒకావిడ "మేకుల్లేవా?" అని అడిగింది. ఒకాయన నా ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, వంకరపోయిన హ్యాండిలుని సరిచేసి నా చేతికిచ్చాడు. నేను లేచి నిలబడేదాకా ముగ్గురూ కదల్లేదు. తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. నేను థాంక్స్ అన్నానో లేదో గుర్తులేదు. వాళ్ళ ముగ్గురి టైర్లూ చప్పుడు చేసుకుంటూ వంతెన దిగిపోవడం విన్నాను. అంతదూరం దాకా వినపడింది. మీరు రాసింది నిజమే. రేకు మీద వడగళ్ళు.

కాఫీ గది గురించి రాసింది కూడా నిజం కాదు. ఈ మధ్య నేను అక్కడికి వెళ్ళడం మానేశాను. పాత పత్రికల గదిలో కూర్చుని రొట్టె తింటున్నాను. ఒక్కోరోజు పొద్దున ఇల్లు వదిలింది మొదలు సాయంత్రం ఇల్లు చేరేదాకా నా గొంతు నేను వినను. ఇంటికొచ్చి తాళం తీశాక, ఉందో లేదో అని ఒక మాట పైకి అని చూసుకుంటాను.

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ అబద్ధం ఆడింది నేనొక్కదాన్నే కాదు కనక రాస్తున్నాను.

నేను మణికట్టుకి గుడ్డ కట్టుకుని వస్తుంటే అర్వో గారు కంచె మీదుగా చూశారు. "పడ్డావా?" అన్నారు. తల ఊపాను. "సైమి ఉంటే వారం ముందే వేయించేది" అన్నారు. "వస్తున్నారు కదా, పండుగకి" అన్నాను. ఆయన కంచె మీద రెండు చేతులూ ఆనించారు. తర్వాత, "అమ్మాయ్, సైమి రాదు. ఆగస్టులోనే నాకు రాసింది, ఇక సైకిలు ఎక్కనని. ఆ ఆకుపచ్చ సైకిలు నన్ను తీసుకోమంది. ఆడవాళ్ళ సైకిలెక్కి ఊళ్ళో నవ్వులపాలవమంటావా అని జవాబు రాశాను. నీకు తెలుసనుకున్నాను" అన్నారు.

నాకు తెలియదు. మీ గదిలో పొయ్యి వెలిగిస్తూ ఉన్నాను. మీ దుప్పట్లు ఎండలో వేశాను, ఎండ ఉన్నన్నాళ్ళూ. రెండో కప్పు కడిగి బల్ల మీద పెట్టాను. ఈ ఊళ్ళో నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నది ఒక్క మీ రాక కోసమే.

డిసెంబరుతో వెళ్ళిపోతానని హేత గారికి చెప్పేయాలనుకుంటున్నాను. వెళ్ళిపోయేదానికి టైర్లెందుకు?

వియెనో

*

తాంపెరె,
అక్టోబరు 29

వియెనో,

అర్వో ఏడాదికి పది మాటలు మాట్లాడతాడు, అందులో ఒకటి ఇలా ఖర్చుపెట్టాడు.

మోకాలు బాగైంది. అది నిజమే రాశాను. పోయింది మోకాలు కాదు. చెవి లోపల మనిషిని నిలబెట్టేది ఏదో ఉంటుందట, అది పోయింది. జులైలో మార్కెట్టు దగ్గర సైకిలు దిగబోయి, నేల ఎక్కడుందో తెలియక పడ్డాను. మోకాలు అప్పుడే విరిగింది. మళ్ళీ సైకిలు ఎక్కవద్దు అన్నాడు డాక్టరు. ఎప్పటిదాకా అని అడిగితే కాగితం వైపు చూశాడు. కుర్రవాడు, వాడి మీద నాకు కోపం లేదు.

కొట్టుకెళ్ళి కాఫీ పొడి తెచ్చానన్నది అబద్ధం. ఇర్మెలి చెయ్యి పట్టుకోకుండా వీధి దాటలేను. పగలంతా ఒక్కదాన్నే, ఐదో అంతస్తులో. గోడ పట్టుకుని వంటింటి దాకా, గోడ పట్టుకుని కిటికీ దాకా. కిటికీలోంచి కింద సైకిళ్ళ షెడ్డు కనపడుతుంది. ఈ భవనంలో వాళ్ళు మొదటి చలికే వాటికి తాళం వేసి ఏప్రిల్ దాకా మర్చిపోతారు. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

నీకెందుకు చెప్పలేదంటావా? రానని రాస్తే నువ్వు ఆ ఇంట్లో వారం కూడా ఉండవని భయపడ్డాను. సగం కారణం అది. మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంది. నా సైకిలు సిద్ధం చేయమని నీకు రాస్తున్నంతసేపూ నేను నిజంగానే వస్తున్నాను. కవరు అంటించాక మళ్ళీ ఐదో అంతస్తులో ఉన్నాను. అందుకే అంత పొడుగు పొడుగు ఉత్తరాలు.

నేనూ ఆ ఊరికి బయటి నుంచి వచ్చినదాన్నే, వియెనో. మొదటి శీతాకాలం ఓయివ పనికెళ్ళాక గోడతో మాట్లాడేదాన్ని. ఉండమని నిన్ను అడగను. అడిగే హక్కు నాకు లేదు, అబద్ధం రాసి ఉంచుదామనుకున్నాను కనక అసలే లేదు. నువ్వు ఎక్కడ బాగుంటావో అక్కడికి వెళ్ళు.

కానీ డిసెంబరు దాకా ఎలాగూ ఆ వంతెన దాటాలి కదా. ఒక్క ముందు చక్రానికి వేసుకో. వెళ్ళిపోయేవాళ్ళకి కూడా ముందు చక్రం ఉంటుంది. నా సైకిలు సంగతి వదిలెయ్యి. అది కొట్టంలోనే ఉండనీ.

మణికట్టుకి చల్లటి గుడ్డ వెయ్యి.

అత్తయ్య

*

ఔలు,
నవంబరు 8

ప్రియమైన అత్తయ్యకు,

ఈ ఉత్తరంతో పాటు ఒక టేపు వస్తోంది. దాని సంగతి చివర్లో రాస్తాను.

మీ ఉత్తరం వచ్చిన రోజు వాన మొదలైంది. రెండు రోజులు ఆగకుండా పడింది. పేరుకున్న గడ్డ మంచు అంతా కరిగిపోయి రోడ్డు మళ్ళీ నల్లగా తేలింది. అర్వో గారు కంచె దగ్గరికి వచ్చి, "ఇది రెండో అవకాశం ఇస్తున్నాడు. ప్రతి ఏడూ ఇవ్వడు" అన్నారు. ఎవరు ఇస్తున్నాడో చెప్పలేదు.

సౌనా వేడి చేశాను. ఒక్కదాని కోసం ఎందుకని ఈ నెలంతా మానేశాను. స్నానం చేసి, ముందు చక్రం టైరు చిలక్కొయ్యకి తగిలించి, పక్కనే బల్ల మీద కూర్చున్నాను. రబ్బరు వాసన గదంతా నిండింది. మెత్తబడ్డాక చెంచాతో ఎక్కించాను. గోరు ఒకటి విరిగింది. చేతకాదనుకున్న పని అయిపోయింది. వెళ్ళిపోయేవాళ్ళకి ఇది చాలు అనుకుని లోపలికి వెళ్ళి కాఫీ పెట్టుకున్నాను. కప్పు ఖాళీ అయింది. వెనక చక్రం టైరు ఇంకా కొట్టంలో వేలాడుతూనే ఉందని తెలుస్తోంది, చూడకపోయినా. వెళ్ళి దించాను. సౌనాలో వేడి ఇంకా ఉంది.

మర్నాడు సైకిలు గేటు దాటించాను. అత్తయ్యా, అది మీరు రాసినదాని కన్నా ఎక్కువ. వీధి మొదట్నించీ చివరి దాకా నేనే. రొట్టెల కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు మాట ఆపి తిరిగి చూశారు. చెవులు మండిపోయాయి. దిగి నడిపించుకుని వెళదామా అనిపించింది. నడిపించినా చప్పుడు చేస్తుంది, వెళ్ళడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. అందుకని దిగలేదు.

వంతెన దగ్గర వెనక నుంచి ఒకావిడ వచ్చి నా పక్కన కలిసింది. ఆ రోజు "మేకుల్లేవా" అన్నావిడే. ఆవిడ టైర్లూ మేకులవే. మా ఇద్దరి చప్పుడూ కలిసి వంతెన దద్దరిల్లింది. ఆవిడ అరిచింది, "రోడ్డు ఆరాక వేశావేం?"

"ఆలస్యమైంది!" అని నేనూ అరిచాను. అరవకపోతే వినపడదు. నేను అంత గట్టిగా ఎప్పుడు మాట్లాడానో నాకు గుర్తులేదు.

"పడ్డాకే తెలుస్తుంది అందరికీ!" అంది. "బ్రేకు మెల్లగా వెయ్యి, కొత్తవి!"

"తెలుసు! మా అత్తయ్య చెప్పింది!"

వంతెన దిగాక ఆవిడ కుడికి మళ్ళింది, చెయ్యి ఊపింది.

లైబ్రరీ ముందు సైకిలు నిలబెట్టి లోపలికి వెళ్ళేసరికి హేత గారు కోటు విప్పుతున్నారు. "ఉంటున్నావన్నమాట" అన్నారు. నేను ఇంకా ఏమీ చెప్పలేదని అన్నాను. "చెప్పేశావుగా, వీధంతా విన్నది. వెళ్ళిపోయేవాళ్ళు ముందు చక్రానికి మాత్రమే వేసుకుంటారు. నీది రెండు చక్రాల చప్పుడు" అన్నారు. నేను కాదనలేదు. కాగితం మీద సంతకం ఆ మధ్యాహ్నమే పెట్టాను. కాఫీకి ఆ గదికే వెళ్ళాను. ఎవరో "వేశావట" అన్నారు. "వేశాను" అన్నాను. అంతే జరిగింది. అందరూ నాతో మాట్లాడేస్తున్నారని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. ఇంటికొచ్చాక ఇల్లు నిశ్శబ్దంగానే ఉంటుంది. రెండో కప్పు బీరువాలో పెట్టేశాను.

పండుగ రోజు మీ సైకిలు తీశాను. వదిలెయ్యమన్నారు, వదల్లేదు. దానికీ రెండు టైర్లూ వేశాను. ఎవరు తొక్కినా తొక్కకపోయినా మేకులు కుదురుకోవాలి కదా. లైబ్రరీలో చూపు లేనివాళ్ళ కోసం ఉంచిన టేపు రికార్డరు ఒక్కరోజుకి ఇమ్మని హేత గారిని అడిగాను. నోరు తెరిచి అడిగాను, అత్తయ్యా. దాన్ని ముందు బుట్టలో శాలువా మధ్య పెట్టి కట్టాను. మీ గేటు దగ్గర మొదలుపెట్టి సమాధుల తోట దాకా దారి చప్పుడంతా టేపులో పట్టాను. మావయ్య కొవ్వొత్తి గాలికి రెండుసార్లు ఆరిపోయింది, మూడోసారి నిలబడింది. అక్కడ టేపు ఆపేశాను.

నేనేమీ మాట్లాడలేదు అందులో. మాట్లాడాల్సిన అవసరం లేదనిపించింది.

మీ
వియెనో

*

తాంపెరె,
నవంబరు 14

నా తల్లీ వియెనోకు,

టేపు వచ్చింది. ఇర్మెలి ఆఫీసుకి వెళ్ళేదాకా ఆగాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, రెండు చేతులా కుర్చీ చేతులు పట్టుకుని, అప్పుడు మీట నొక్కాను.

మొదట గేటు. దానికి నూనె వెయ్యి, సిగ్గులేకుండా ఏడుస్తోంది. తర్వాత ముంగిట్లో గులకరాళ్ళు. తర్వాత తారు రోడ్డు ఎక్కావు. అబ్బ! అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఈ భవనంలో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో. మధ్యలో టకటకమంటున్నది నా వెనక మడ్‌గార్డు. పదేళ్ళుగా వదులుగానే ఉంది, బిగించకు. అది లేకపోతే ఎవరి సైకిలో తెలియదు.

దారంతా చెప్పగలిగాను. రొట్టెల కొట్టు దగ్గర రోడ్డు అతుకు, రైలు పట్టాల కింది దారిలో ప్రతిధ్వని, వంతెన మీద గాలి. ఒడ్డు దగ్గర మలుపులో నువ్వు గట్టిగా బ్రేకు వేశావు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వెనక చక్రంలో ఒకటి రెండు మేకులు వదులై ఉంటాయి, చూడు. ఆ మలుపు దగ్గర నేను కుర్చీలో కుడివైపుకి ఒరిగాను. ఒరిగాక భయమేసింది. తల తిరగలేదు.

మొదట్లోనే, గేటు దాటగానే, అర్వో గొంతు ఉంది. నువ్వు విన్నావో లేదో ఆ హోరులో. "జాగ్రత్త, వియెనో" అన్నాడు. పేరు పెట్టి పిలిచాడే నిన్ను! నన్ను "ఓయివ భార్య" నుంచి "సైమి"కి మార్చడానికి ఆ మహానుభావుడికి ఎన్ని శీతాకాలాలు పట్టిందో. ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

చివర్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడు కూడా ఉంది. ఒకటి. రెండు. మూడు. తర్వాత ఆగిపోయింది. ఓయివ బతికుంటే, పీపా మీద మంచు పొర కట్టి కరిగిపోయాక వేసుకున్న మొదటి మనిషివి నువ్వేనని ఎగతాళి చేసేవాడు. మా ఇద్దరి మాటా వినకుండా మూడో ముహూర్తం పెట్టావు.

సాయంత్రం ఇర్మెలి వచ్చేసరికి మళ్ళీ పెట్టుకుని వింటున్నాను. "రేడియో పాడైందా అమ్మా?" అంది తలుపు దగ్గర నుంచే. లేదే, నా సైకిలు అన్నాను. అది కోటు కూడా విప్పకుండా నా పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరం వంతెన దాకా విన్నాం. తర్వాత బంగాళాదుంపలు తొక్క తీయడానికి లేచి వెళ్ళింది.

పగళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. అది టేపుతో పోయేది కాదు, నీకు చెప్పకపోతే మళ్ళీ అబద్ధమవుతుందని రాస్తున్నాను.

ఆకుపచ్చ సైకిలు నువ్వే తొక్కు, రోజు మార్చి రోజు. ఇంట్లోకి తేకు.

టేపు తిప్పి చూశాను. రెండో వైపు ఖాళీగా ఉంది. మంచు బాగా పడి రోడ్డు మీద నిలిచాక, ఒక పొద్దున అదే దారిలో మళ్ళీ వెళ్ళి దాన్ని నింపి పంపు. మంచు మీద ఆ టైర్లు చప్పుడు చెయ్యవు, ఏమీ వినపడదు, నాకు తెలుసు. అయినా పంపు.

అత్తయ్య